రబీకి లింగాకర్షక బుట్టలు కొనవచ్చా? నెల్లూరు, ప్రకాశం పొలాలకు ఒక పరిశీలన

పసుపు మూత, కింద గరాటు, దాని కింద పొడవాటి పాలిథిన్ సంచి. పురుగుమందుల కొట్లలో వేలాడే ఈ బుట్టను లింగాకర్షక బుట్ట అన్నా, ఫెరమోన్ ట్రాప్ అన్నా, పురుగు బుట్ట అన్నా ఇస్తారు. కంపెనీలు చాలా ఉన్నాయి కానీ వస్తువు దాదాపు ఒకటే. అందుకని ఇక్కడ ఏ కంపెనీనీ ఎత్తడం లేదు, దించడం లేదు. కావలి నుంచి కనిగిరి దాకా రబీలో వేసే పైర్లలో ఈ బుట్ట, ఆడ పురుగు వాసనతో మగ పురుగును రప్పించడానికి అందులో పెట్టే ఎర, వాటితో పాటు అమ్మే జిగురు అట్టలు ఎంతవరకు అక్కరకొస్తాయన్నదే ఈ సమీక్ష.

తేల్చి చెప్పాల్సింది ముందే చెబుతాం. పురుగును చంపుతుందని కొంటే ఈ కిట్టుకు ఐదుకు రెండు మార్కులు. పురుగు ఎప్పుడు దిగిందో, ఎంత దిగిందో లెక్క చెబుతుందని కొంటే నాలుగున్నర. పెట్టె మీద ‘ఇక మందు కొట్టే పనే లేదు’ అన్న ధోరణిలో ఏం రాసి ఉన్నా పట్టించుకోవద్దు.

ఈ లెక్క మన జిల్లాలకు ఇప్పుడు ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే చలికాలం సంగతి చూడాలి. పురుగుకు ఒంట్లో సొంత వేడి ఉండదు. గాలి వెచ్చగా ఉంటే గుడ్డు త్వరగా పొదుగుతుంది, లార్వా త్వరగా పెరుగుతుంది. ఒక హద్దు దాటి చల్లబడితే ఎదుగుదల ఆగిపోతుంది. శనగపచ్చ పురుగు, గులాబీ రంగు పురుగు, మొక్కజొన్న కత్తెర పురుగు వంటివాటికి ఆ హద్దు సుమారు 10 నుంచి 13 డిగ్రీలు. పంజాబ్, హర్యానాల్లో డిసెంబరు, జనవరి రాత్రులు అంతకంటే బాగా కిందికి పోతాయి. అక్కడ శనగపచ్చ పురుగు మట్టిలో ప్యూపాగా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ), గులాబీ పురుగు పత్తి గింజలో లార్వాగా నెలల తరబడి నిద్రలో ఉండి, ఎండలు ముదిరాక బయటికొస్తాయి. ఇంకా చలి దేశాల్లో కొన్ని పురుగులు ఒంట్లో నీరు గడ్డకట్టకుండా గ్లిజరాల్ వంటివి కూడబెట్టుకుంటాయి. నేల మీద మంచు మందంగా పేరుకుంటే కింద ఉన్న ప్యూపాకు చలి అంతగా తగలదు, మంచు పలచబడిన ఏడాది అదే ప్యూపా చస్తుంది. కత్తెర పురుగుకైతే చలికాలం నిద్రే రాదు. అమెరికాలో అది ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాల దక్షిణపు కొసల్లో బతికి, ఏటా వేసవిలో ఉత్తరానికి ఎగిరి పోతుంది.

నెల్లూరులో జనవరి రాత్రి కనిష్ఠం సగటున 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు మరికాస్త తగ్గినా, 13కు దిగే రాత్రులు అరుదు. అంటే చలి మన పురుగును ఏనాడూ ఆపలేదు, కాస్త నెమ్మది చేసిందంతే. ఇప్పుడు ఆ నెమ్మది కూడా తగ్గుతోంది. దేశం సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 లోపు సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ లెక్క. ముప్పాతిక డిగ్రీకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. కత్తెర పురుగు గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి 12.5 డిగ్రీలకు పైన పోగయ్యే వేడి దాదాపు 390 డిగ్రీ-రోజులు కావాలి. రాత్రీ పగలూ కలిపి సగటు 24 డిగ్రీలుంటే రోజుకు 11.5 చొప్పున 34 రోజులు పడుతుంది. సగటు 25 అయితే 31 రోజులు. ఒక్క డిగ్రీకి తరానికి మూడు రోజులు కలిసొచ్చాయి. నాలుగు నెలల పైరులో తరాలు ఒకదాని మీద ఒకటి పడి, చేలో ఒకేసారి గుడ్డు, పిల్ల పురుగు, పెద్ద పురుగు, ప్యూపా అన్నీ కనిపించేది ఇందుకే. అలాంటి చేలో ఏ మందు కొట్టినా కొన్ని దశలు తప్పించుకుంటాయి.

వేడి పెరిగేకొద్దీ పురుగు పెరుగుతూనే పోతుందనుకోవడమూ సరికాదు. వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే వరి, గోధుమ, మొక్కజొన్నల్లో పురుగు తినే వాటా 10 నుంచి 25 శాతం పెరుగుతుందని 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అందులోనే ఇంకో మాట ఉంది. ఆ పెరుగుదల ఎక్కువగా చలి దేశాలది. మనలాంటి ఉక్క ప్రాంతాల్లో పురుగు ఇప్పటికే తనకు ఇష్టమైన వేడికి దగ్గరలో ఉంది, అది దాటితే సంతతి తగ్గుతుంది. మే నెల ఎండకు చేలో గుడ్లు ఎండిపోవడం మనకు తెలిసిందే. కాబట్టి మన దగ్గర పురుగుకు కలిసొచ్చే కాలం చలికాలమే: ఎండ దెబ్బ ఉండదు, ఎదుగుదల ఆగేంత చలీ ఉండదు, పైగా పూత మీద ఉన్న పైరు ఎటు చూసినా దొరుకుతుంది.

ఇక రెండో సంగతి ఈశాన్య రుతుపవనాల రాక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఎప్పుడు పడుతుందో, తుఫాను ఎప్పుడు తాకుతుందో ఏటికేడు మారిపోతోంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం చేలు మునిగాయి. అలాంటి ఏడు ఒక ఊళ్లోనే ఒకరి నాటు ముందు, ఒకరిది నెల వెనక అవుతుంది. శనగ తిరగ విత్తాల్సి వస్తుంది. ‘సంక్రాంతికి ముందొక మందు, తర్వాతొక మందు’ అన్న పాత లెక్క అలాంటప్పుడు పనికిరాదు. తేదీ చూసి కాకుండా పురుగును చూసి మందు కొట్టాలి, పురుగును చూడటానికి బుట్ట కావాలి.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. కిట్టులో ఉండేవి మూత, మూత కింద ఎర దూర్చే గొళ్లెం, గరాటు, సంచి. గరాటు, మూత జాగ్రత్తగా విప్పి దాచుకుంటే రెండు మూడు పంటలకు వస్తాయి, నాసిరకం ప్లాస్టిక్ అయితే ఒక్క వేసవి ఎండకే పెళుసెక్కి చెవుల దగ్గర విరుగుతుంది. కొనేటప్పుడు గరాటు అంచును వేళ్లతో కొద్దిగా వంచి చూడండి. వంగి తిరిగి రావాలి, తెల్లగీత పడకూడదు. మూతకూ గరాటుకూ మధ్య సందు రెండు వేళ్లు పట్టేంత ఉండాలి. అంతకన్నా తక్కువైతే శనగపచ్చ పురుగంత రెక్కల పురుగు లోపలికి దూరలేదు.

అన్నిటికన్నా ముందు పాడయ్యేది సంచి. పలచని సంచి రెండు నెలలకే గాలికి చిరుగుతుంది, చిరుగు పైభాగంలో ఉంటే పడిన పురుగు పడినట్టే పోతుంది, మీ లెక్క తప్పుతుంది. సంచి అడుగును ముడి వేయకుండా పురికొసతోనో రబ్బరు బ్యాండుతోనో కట్టండి, రోజూ విప్పి ఖాళీ చేయాలి కదా. అడుగు మూలలో సూదితో నాలుగైదు చిల్లులు పెట్టండి. పెట్టకపోతే నవంబరు వానకు నీళ్లు నిలిచి, చచ్చిన పురుగులు కుళ్లి, ఆ వాసనకు కొత్తవి రావడం తగ్గుతుంది. చీమలది ఇంకో బెడద. కర్ర పట్టుకొని ఎక్కి రెక్కలు తప్ప ఏమీ మిగల్చవు. కర్ర చుట్టూ జానెడు మేర గ్రీజు పూస్తే సరి. సంచి లోపల రెక్కలు మాత్రమే కనిపిస్తే బుట్ట పనిచేయలేదనుకోకండి, రెక్కల్ని నాలుగేసి చొప్పున లెక్కేసుకోండి.

అసలు వస్తువు ఎర. ఒక రబ్బరు బిళ్ల లేదా చిన్న గొట్టంలో ఆడ పురుగు వాసనను పోలిన రసాయనం రెండు మూడు మిల్లీగ్రాములు ఎక్కించి ఇస్తారు. ధర ఒక పూట టిఫిను ఖర్చులోపే, అందుకే దాని మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు. కానీ కిట్టు విఫలమైన చోట పదికి ఎనిమిది సార్లు తప్పు ఎరదేనని మా అంచనా. ఎందుకో చెబుతాం.

మొదటిది వేడి. శనగపచ్చ పురుగు ఎర, వరి కాండం తొలుచు పురుగు ఎర ఆల్డిహైడ్ జాతి రసాయనాలు. వేడికి, గాలికి త్వరగా ఆక్సీకరణ చెంది చప్పబడిపోతాయి. పొగాకు లద్దె పురుగు ఎర నేరుగా ఎండ తగిలితే రూపం మారిపోయి పురుగును పిలవడం మానేస్తుంది. కాబట్టి ఎర మూత నీడలోనే ఉండాలి, పక్కకు వేలాడకూడదు. కొట్టు ముందు ఎండలో దండలా వేలాడదీసిన ఎరల పొట్లాలను అసలు కొనవద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చే కొట్టు దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి. అల్యూమినియం రేకు పొట్లం ఉబ్బకుండా, చిల్లు లేకుండా ఉండాలి, తయారీ తేదీ చెరిపి దిద్దినట్టు ఉండకూడదు. ఇంటికి తెచ్చాక పొట్లం విప్పకుండా ఫ్రిజ్‌లో పెడితే ఆ పంటకాలం నిలుస్తుంది.

రెండోది చేతులు. శనగపచ్చ పురుగు ఎరలోనూ, వరి కాండం తొలుచు పురుగు ఎరలోనూ ప్రధానమైనవి అవే రెండు రసాయనాలు. పాళ్లే తేడా. మొదటిదానికి 97:3, రెండోదానికి 3:1. ఆ మాత్రం తేడాతోనే మగ పురుగు తన జాతిని గుర్తుపడుతుంది. ఒక ఎర పట్టుకున్న వేళ్లతో రెండోది పట్టుకుంటే రెండూ చెడతాయి. పొట్లంతో పాటే బిళ్లను గొళ్లెంలోకి నెట్టండి, లేదా ఎరకొక ప్లాస్టిక్ తొడుగు వాడండి. సిగరెట్టు చేతులు, మందు కలిపిన చేతులు అసలే వద్దు. ఒక బుట్టలో రెండు రకాల ఎరలు పెట్టి ‘డబుల్ పవర్’ అనేవాళ్లు ఉన్నారు. ఆ బుట్టకు ఏ పురుగూ సరిగ్గా రాదు.

మూడోది కాలం. పెట్టె మీద 30 రోజులని ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో 25 రోజుల దాకా నమ్మవచ్చు. మార్చి నుంచి ఎడగారు పైరులో (రబీ కోశాక వేసే రెండో వరి) పెడితే మాత్రం రెండు వారాలకే మార్చాలి. ఎర పెట్టిన తేదీ మూత మీద పెయింటుతో రాయండి, మార్కరు గీత ఎండకు పోతుంది.

ఇప్పుడు పైరు వారీగా. నెల్లూరు మాగాణికి ఈ కిట్టు బాగా నప్పుతుంది, అందువల్ల దాని గురించే ఎక్కువ చెప్పాలి. సోమశిల నీళ్లు సమృద్ధిగా ఉన్న ఏడు రబీ కోసిన కయ్యలో నెల తిరక్కుండా ఎడగారు నాటు పడుతుంది. కాండం తొలుచు పురుగు కోత తర్వాత దుబ్బుల్లో లార్వాగా దాక్కుంటుంది. చలి చంపని పురుగును చంపగలిగింది పైరుకూ పైరుకూ మధ్య విరామమే, ఆ విరామమే లేకపోతే అది దుబ్బులోంచి నేరుగా కొత్త నారు మీదికి పోతుంది. కోసిన వెంటనే కయ్య దున్ని దుబ్బులు తిరగేయడం ఏ బుట్టకన్నా మంచి మందు.

నాటిన 15 నుంచి 20 రోజులకు ఎకరాకు 3 బుట్టలు పెడితే నిఘాకు చాలు. కర్రను గట్టు మీద కాకుండా కయ్య లోపల పాతండి. బుట్ట పైరు కొసల కన్నా అడుగు, అడుగున్నర ఎత్తులో ఉండాలి, పైరు ఎదిగేకొద్దీ పైకి జరపాలి. చాలామంది నాటిన రోజు ఎత్తులోనే వదిలేస్తారు. పొట్ట దశకు బుట్ట ఆకుల్లో మునిగిపోయి వాసన గాల్లో పారదు, సరిగ్గా అక్కర పడే సమయానికి లెక్క సున్నా చూపిస్తుంది. పురుగును పట్టి తగ్గించాలనుకుంటే 8 బుట్టలు కావాలి, అదీ చుట్టుపక్కల పదెకరాల వాళ్లూ పెడితేనే. ఎందుకంటే బుట్టలో పడేది మగ పురుగు ఒక్కటే. పక్క కయ్యలో జత కట్టిన ఆడది మీ నారు మీదికి వచ్చి గుడ్లు పెట్టడాన్ని ఏ బుట్టా ఆపలేదు.

ఇక్కడ ఒక పొరపాటు మరీ మామూలు. కాండం తొలుచు పురుగు అనగానే పసుపు రెక్క మీద నల్లచుక్క ఉన్నదాన్ని వెతుకుతారు. ఆ చుక్క ఆడదానిది. బుట్టలో పడే మగది చిన్నగా, గోధుమ ఛాయలో, రెక్క అంచున సన్నని చుక్కల వరసతో ఉంటుంది. పసుపు పురుగు లేదు కదా అని బుట్టను పక్కన పడేసినవాళ్లు ఎందరో. చుక్కల పసుపు ఆడ పురుగులు కావాలంటే రాత్రి వెలుతురుతో పురుగును రప్పించే దీపపు ఎర దగ్గర చూడాలి.

వారానికి బుట్టకు 25 నుంచి 30 మగ పురుగులు పడితే రంగంలోకి దిగాలి. పడిన రోజే మందు కొట్టడం దండగ. ఆడది గుడ్లు పెట్టి, అవి పొదగడానికి 5 నుంచి 8 రోజులు పడుతుంది, పిల్ల పురుగు కాండంలో దూరేలోపే మందు తగలాలి. కాబట్టి సంఖ్య పెరిగి, పెరిగి, తగ్గడం మొదలైన రోజు నుంచి వారం లోపు మీ గడువు. పిలకల దశలో కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికలు ఎకరాకు 8 కిలోలు లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.4జి గుళికలు 4 కిలోలు, పలచగా నీరు కట్టి చల్లుతారు. చిరుపొట్ట దశలో అయితే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ ఎకరాకు 60 మిల్లీలీటర్లు పిచికారీ. కంకి తెల్లబడ్డాక కొట్టే మందు పూర్తిగా కొట్టువాడి లాభం. పుట్లలో దిగుబడి లెక్కేసే నెల్లూరు రైతుకు ఫిబ్రవరి తెల్లకంకి ఎంత నష్టమో వేరే చెప్పనక్కర్లేదు. నారు పీకేటప్పుడు కొసలు కత్తిరించి నాటితే ఆకు చివర్ల మీద లేత గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల కుప్పలు అక్కడే పోతాయి, దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రకాశం నల్లరేగడి శనగలో ఎకరాకు 4 బుట్టలు, మొక్క కన్నా ఒకటి రెండు అడుగుల ఎత్తులో పెట్టాలి. విత్తిన మూడు వారాలకే పెట్టేయండి, పూతకు పెట్టడం ఆలస్యం. డిసెంబరు, జనవరిల్లో రెండు మూడు రోజులు మబ్బు పట్టి చలి తగ్గితే లెక్క పెరుగుతుంది, అప్పుడు బుట్టనే నమ్ముకోకుండా సాలు దిగి చూడాలి. మీటరు సాలుకు ఒక లార్వా కనిపిస్తే అదే మందు కొట్టాల్సిన హద్దు. పక్షి స్థావరాలు (పక్షులు వాలే కర్రలు) ఎకరాకు 20 పాతితే కొంగలు, గొరవంకలు మిగతా పని చేస్తాయి. ఎన్‌పీవీ ద్రావణం (ఈ పురుగుకు జబ్బు తెచ్చే వైరస్ మందు) ఎకరాకు 200 నుంచి 250 ఎల్‌ఈ (వైరస్ సోకిన లార్వాల లెక్కన కొలత), తప్పకుండా సాయంత్రం పూటే కొట్టాలి. పగటి ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆ వైరస్ కొన్ని గంటల్లో చస్తుంది. చిన్న లార్వాల మీదే అది పనిచేస్తుంది, వేలెడు పురుగు కనిపించాక దాని కోసం పరిగెత్తి లాభం లేదు. ఆ చిన్న దశ ఎప్పుడో చెప్పేది బుట్టే, ఇక్కడ దాని ధర పదింతలు వెనక్కి వస్తుంది.

కందికి మాత్రం జాగ్రత్త. పొదిలి, కనిగిరి మెట్టల్లో కందిని పాడు చేసేది శనగపచ్చ పురుగు ఒక్కటే కాదు, పూతను గూళ్లు కట్టి తినే మారుకా మచ్చల పురుగు కూడా. చల్లని, మంచు పడే రాత్రుల్లో అది విరివిగా వస్తుంది. శనగపచ్చ పురుగు ఎర దానికి ఏమాత్రం పనిచేయదు. బుట్ట ఖాళీగా ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే పూత గూళ్లయి రాలుతుంది. కంది చేలో బుట్ట ఉన్నా మొక్కల్ని పట్టి చూడటం తప్పదు.

పత్తిలో గులాబీ పురుగు లెక్కకు ఈ కిట్టు మేలు. విత్తిన 45 రోజుల నుంచి పెట్టాలి, వరసగా మూడు రాత్రులు బుట్టకు 8 మగ పురుగుల చొప్పున పడితే హద్దు. దానితో పాటు 20 పచ్చి కాయలు కోసి చూడండి, రెండింట్లో పురుగు ఉంటే మందు కొట్టాల్సిందే. నాలుగో విడత తీత ఆశతో పత్తిని ఫిబ్రవరి దాకా చేలో నిలిపితే చలి చంపదు కనుక పురుగు తరం మీద తరం పెడుతుంది. డిసెంబరు చివరికి కట్టె పీకేయమని అధికారులు చెప్పేది ఇందుకే. పత్తి మిల్లుల దగ్గర ఉన్న చేలలో బుట్టలు ముందుగా పెట్టాలి, గింజల కుప్పల్లోంచి రెక్కల పురుగులు వస్తాయి.

మొక్కజొన్నలో కత్తెర పురుగుకు ఎకరాకు 4 బుట్టలు, మొలక వచ్చిన రోజు నుంచే. దాని ఎరకు వేరే జాతి పురుగులు కూడా వచ్చి పడుతుంటాయి, ఒక్కోటీ చూసి లెక్కించాలి. 2018లో కర్ణాటకలో మొదటిసారి కనిపించి అదే ఏడు మన రాష్ట్రానికి వచ్చిన ఈ పురుగు మన చలికాలంలో ఎక్కడా ఆగదు. పొగాకు నారుమళ్ల చుట్టూ లద్దె పురుగు బుట్టలతో పాటు ఆముదం వరస వేస్తే ఆడ పురుగు ఆముదం ఆకు మీదే గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తెంపి కాల్చేయవచ్చు.

మిరపకు లింగాకర్షక బుట్ట కాయ తొలుచు పురుగు వరకే. 2021-22లో మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగుకు కావలసింది నీలి జిగురు అట్టలు, ఎకరాకు 25 నుంచి 30, మొక్క కొస ఎత్తున. వీటికి మా మార్కులు ఐదుకు మూడే. ఎర్ర నేలల్లో దుమ్ము లేచి రెండు వారాల్లో జిగురు పోతుంది, వాన పడితే ఇంకా ముందే. ఈ పురుగు ఎక్కువగా పూల లోపల దాక్కుంటుంది, అట్ట మీద పడినవాటితో చేలో ఉన్నవాటిని అంచనా వేయడం కష్టం. పది పూలు తెంపి తెల్ల కాగితం మీద తట్టి చూడటం అట్టకన్నా నమ్మకం. అట్టల మీద మేలు చేసే కందిరీగల జాతి పురుగులు, తేనెటీగలు ఎక్కువ పడుతుంటే సగం తీసేయండి. అట్ట ఖరీదు భారమైతే నీలి ప్లాస్టిక్ పళ్లాలకు ఆముదం పూసి వాడవచ్చు, వారానికోసారి తుడిచి మళ్లీ పూయాలి. ఈ పురుగు మట్టిలో ప్యూపా అవుతుంది, అందుకే మల్చింగ్ షీటు (నేలను కప్పే ప్లాస్టిక్) వేసిన చేలలో ఉధృతి తక్కువ.

సౌర దీపపు ఎర కిట్టు ఖరీదైనది, ఒక్కరు కొనేది కాదు. నలుగురు కలిసి కొంటే వరిలో సుడిదోమ, కాండం తొలుచు పురుగు, ఆకుముడత మూడింటికీ పనికొస్తుంది. కొనేటప్పుడు టైమరు ఉందో లేదో చూడండి. చీకటి పడ్డాక మూడు గంటలు వెలిగి ఆగిపోవాలి, రాత్రంతా వెలిగితే మేలు చేసే పురుగులు కూడా పోతాయి. పున్నమి నాలుగు రోజులు లెక్క పడిపోతుంది, అది చూసి పురుగు తగ్గిందనుకోవద్దు. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల లైట్ల పక్కన దీనికి డబ్బు పెట్టడం వృథా.

బుట్ట లెక్క సున్నా వచ్చినప్పుడు చూడాల్సిన వరస ఇది. ఎర తేదీ దాటిందా, ఎత్తు సరిగ్గా ఉందా, సంచి చిరిగిందా, చీమలు తిన్నాయా, ముందు రాత్రి వానో ఈదురుగాలో ఉందా. ఇవేవీ కాకపోతే అప్పుడు పురుగు లేదని నమ్మండి. రోజూ ఒకే సమయంలో, పొద్దున్నే, లెక్కించి సంచి ఖాళీ చేసి, సంఖ్యను గోడ క్యాలెండరు మీద ఆ తేదీలోనే రాయండి. ఈ ఏడు లెక్క వచ్చే ఏడు పక్కన పెట్టి చూస్తే మీ ఊరి పురుగు ఎన్ని రోజులు ముందుకు జరిగిందో తెలుస్తుంది, ఆ సంగతి ఏ కరపత్రంలోనూ దొరకదు. దర్శి, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాలకు ఫోన్ చేసేటప్పుడు ఆ సంఖ్యలు చెబితే సలహా కూడా సూటిగా వస్తుంది.

కొనాల్సినవి ఇంత: వరికి ఎకరాకు 3, శనగకు, మొక్కజొన్నకు 4 చొప్పున బుట్టలు, నాలుగు నెలల పైరుకు బుట్టకు 4 లేదా 5 ఎరలు, బుట్టకొక అదనపు సంచి. ఎరలన్నీ ఒకేసారి తెచ్చి చావడిలో పెట్టకుండా, ఫ్రిజ్ లేకపోతే నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. కోత అయ్యాక గరాటు, మూతలను సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టి దాచండి, ఏ పురుగు బుట్టను ఆ పురుగుకే మళ్లీ వాడండి, ప్లాస్టిక్‌లో పాత వాసన ఉండిపోతుంది. తీసేసిన ఎరలను గట్ల మీద పడేయవద్దు. వాసన పూర్తిగా చావదు, మగ పురుగులు వాటి చుట్టూ తిరిగి బుట్టకు రావడం మానేస్తాయి. పొలానికి దూరంగా మోకాలి లోతు గుంటలో పూడ్చండి.